సువార్తమ్మగారి కిటికీ

అట్టపెట్టె మూత తీయగానే ఆ వాసన గుప్పుమని కొట్టింది. వెల్లుల్లి దంచి ఇనుప మూకుట్లో వేసి, పొయ్యి మీద మరిచిపోతే వచ్చే వాసన లాంటిది. కాయలు మాత్రం ఒక్క మచ్చ లేకుండా, అన్నీ ఒకే పసుపు రంగులో ఉన్నాయి. ఒకదాన్ని తీసి తొడిమ దగ్గర ముక్కు పెట్టి చూశాను. మామిడి వాసన లేదు. మా మనవరాలు దివ్య సెలవులకి మా ఇంటికి వస్తూ విజయవాడ బస్టాండు బయట కొనుక్కొచ్చిన పెట్టె అది. నూజివీడుకి బయటినుంచి మామిడిపళ్లు మోసుకొచ్చిన ఘనత నీదేనే అని తిడదామని నోరు తెరిచాను. అంతలో ఆ వాసన మళ్లీ తగిలింది. ఎన్నేళ్లయినా ఆ వాసనున్న చోట నేను ఉండలేను. పెట్టెని పెరట్లో దూరంగా పెట్టేసి, చేతులు సబ్బుతో కడుక్కుని లోపలికి వచ్చాను.

దివ్య హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో పని చేస్తుంది. సెలవన్న మాటే గానీ వచ్చిన దగ్గర్నుంచి ఒళ్లో కంప్యూటరు, చెవిలో ఫోను. అప్పుడు కూడా ఎవరితోనో గట్టిగా మాట్లాడి ఫోను పక్కన పడేసింది. ఏమైందే అని అడిగాను.

“మా వెబ్‌సైటు పాడైంది అమ్మమ్మా. వెనక సర్వర్లు నాలుగున్నాయి, ముందు రివర్స్ ప్రాక్సీ అని ఒకటుంది. నీకు చెప్పినా అర్థం కాదులే.”

“చెప్పి చూడు. అర్థం కాకపోతే కాలేదని నేనే చెప్తాను.”

“అడగడానికి వచ్చేవాళ్లందరూ ముందున్నదాని దగ్గరికే వస్తారు. అది లోపల ఎవరికి పని తక్కువుందో చూసి, వాళ్లకి పంపి, జవాబు తెచ్చి తనే ఇస్తుంది. లోపల ఎన్ని మిషన్లున్నాయో బయటివాడికి తెలీదు. తెలియాల్సిన పనీ లేదు.”

“లోపల ఒకటి చచ్చిపోతే?”

“అందుకే మధ్య మధ్యలో అడుగుతూ ఉంటుంది, ఉన్నావా అని. పలక్కపోతే దానికి పంపడం మానేసి మిగతావాటికి పంచుతుంది.” ఆ పిల్ల నా వైపు చూడకుండానే చెబుతోంది. “ఇవాళ మూడోది పలుకుతూనే ఉంది. ఉన్నానంటోంది, ఉన్నానంటోంది. పంపినవాటికి మాత్రం ఖాళీ పేజీలు తిరిగి ఇస్తోంది. పొద్దుటినుంచి ఒక్కరూ కనిపెట్టలేదు.”

నేను దివ్య పక్కన కూర్చున్నాను. మూడోది. పలుకుతూనే ఉంది. ఖాళీది ఇచ్చింది. ఇది ఈ పిల్లకి ఎవరు చెప్పారు అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. ఆ రోజు అక్కడున్నవాళ్లలో ఇప్పుడు మిగిలినవాళ్లం తక్కువ, మేం దాని గురించి మాట్లాడుకోం. కానీ నాకు అక్షరాలు వచ్చాయి కాబట్టి, ఆవిడ గురించి ఎవరో ఒకరు రాయాలి కాబట్టి, రాస్తున్నాను.

ఆవిడ పేరు సువార్తమ్మ. చింతలపూడి మనిషి. మొగుడు పోయాక అక్కడ ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేసింది. తల్లిదండ్రుల్ని లోపలికి పంపితే పిల్లలు వెంటబడి ఏడుస్తారని, అక్కడ అందరినీ గేటు దగ్గరే ఆపేవారట. వాళ్లు తెచ్చిన సున్నుండలూ జంతికలూ పుచ్చుకుని ఎవరి పిల్లకి వాళ్లవి అందించడం, పిల్ల చెప్పిన మాట తెచ్చి బయట తల్లికి చెప్పడం ఈవిడ పని. ఎనభైల్లో ఆ హాస్టలు మూతపడితే మా కామందు దగ్గరికి పనికి వచ్చింది. మా కామందుకి విస్సన్నపేట రోడ్డులో మామిడి యార్డు ఉండేది. తోటల్లో కోసిన కాయ అక్కడికి వచ్చేది. నాలుగు రేకుల షెడ్లు. చుట్టుపక్కల ఊళ్ల ఆడకూలీలం ఆ షెడ్లలో కాయ ఏరి, తుడిచి, చెక్కపెట్టెల్లో ఎండుగడ్డి పరిచి పేర్చి, మూత కొట్టేవాళ్లం. నేనూ, నా చెల్లెలు రత్నమూ ఇద్దరం అక్కడే పని.

సువార్తమ్మగారు రాకముందు అది యార్డు కాదు, సంత. ఢిల్లీ నుంచీ కలకత్తా నుంచీ వచ్చే సేట్లు, వాళ్ల మనుషులు, లారీ డ్రైవర్లు, అందరూ తిన్నగా షెడ్లలోకి వచ్చేసేవాళ్లు. రోడ్డుకి దగ్గరని మొదటి షెడ్డు మీదే అందరూ పడేవాళ్లు. అక్కడ ఆడవాళ్లకి నడుం ఎత్తే తీరిక ఉండేది కాదు, నాలుగో షెడ్డులో వాళ్లు ఈగలు తోలుకునేవాళ్లు. కట్టిన పెట్టె విప్పించేవాళ్లు, ఒకరి పెట్టె ఇంకొకరు లాక్కునేవాళ్లు. కాయ చూపించమంటూ మనిషి మీద చెయ్యి వేసేవాళ్లు కూడా ఉండేవాళ్లు. ఎవరికి చెప్పుకోవాలో మాకు తెలిసేది కాదు. సువార్తమ్మగారు వచ్చిన కొత్తలో కామందు ఆవిడని ఊడ్చే పనికి పెట్టాడు. చీపురు పట్టుకుని ఆ గొడవంతా చూసి, తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లింది.

“రోడ్డు వైపు గోడ కట్టించండి. గోడకి ఒక్క కిటికీ చాలు. బయటివాడు అది దాటి లోపలికి రాకూడదు. మధ్యలో నేను కూర్చుంటాను.”

“కళ్లతో చూడకుండా ఏ సేటు కొంటాడమ్మా?” అన్నాడు కామందు.

“హోటలుకెళ్లి పెసరట్టు తినేవాడు వంటింట్లోకి దూరి పిండి కలియబెట్టి చూస్తాడా అండీ. ప్లేట్లోకి వచ్చాక చూస్తాడు. బాగోకపోతే తిడతాడు. నన్ను తిట్టమనండి. అందుకే కదా జీతం.”

గోడ లేచింది. కిటికీ వచ్చింది. ఆవిడ స్టూలు వేసుకుని కూర్చుంది. కళ్లజోడు ఒక కాడ విరిగిపోతే నల్లదారంతో చెవికి కట్టుకునేది. లావుపాటి మనిషి, గొంతు మాత్రం సన్నం. ఆ గొంతుతో తిడితే సూది గుచ్చినట్టుండేది. సేటు వచ్చి తనకేం కావాలో కిటికీలో చెప్పేవాడు. మాలో ఎవరికీ చదువు లేదు కాబట్టి ఆవిడ చీటీలు రాయలేదు. కొబ్బరిచిప్ప పెట్టింది. చిప్పలో ఎన్ని చింతపిక్కలుంటే అన్ని పెట్టెలు. పిక్కల మీద పసుపు పేలిక ఉంటే బంగినపల్లి, ఎర్రదైతే రసాలు, పచ్చదైతే ఆవకాయ కాయ. ఆ చిప్ప పట్టుకుని కిటికీకీ షెడ్లకీ మధ్య తిరిగే పని నాకు ఇచ్చింది. నీ నడక చురుగ్గా ఉంది కోటమ్మా, నోరు కూడా అంతే చురుగ్గా ఉంది, దాన్ని మాత్రం ఇంటి దగ్గర పెట్టి రా అంది.

ఏ చిప్ప ఏ షెడ్డుకి పోవాలో ఆవిడ తల్లోనే ఉండేది. రసాలు తోలు పలచనివి, చెయ్యి గట్టిగా పడితే లోపల గుజ్జు చెదిరిపోతుంది. అవి ఎప్పుడూ మూడో షెడ్డుకే. ఎందుకంటే అక్కడ అచ్చమ్మత్త ఉంది. పెద్దావిడ, నిద్రపోతున్న పసిపిల్లని పడుకోబెట్టినట్టు కాయని గడ్డిలో దించేది. మా రత్నం ఆ షెడ్డులోనే చేసేది. బంగినపల్లి మాత్రం ఎవరి చేతిలో పని తక్కువుంటే వాళ్లకి. ఒక సేటు లారీకి మొదటి పెట్టె ఏ షెడ్డు నుంచి వెళ్తే ఆఖరి పెట్టె దాకా అదే షెడ్డు, కాయ సైజులో తేడా రాకుండా. కట్టిన పెట్టెలు తిరిగి కిటికీ దగ్గరికే వచ్చేవి, ఆవిడే చేయించి ఇచ్చినట్టు. లోపల ఎన్ని షెడ్లున్నాయో, ఎవరు కట్టారో సేట్లకి తెలిసేది కాదు. ఒకాయన ఉండబట్టలేక అడిగాడు, లోపల ఎంతమంది ఆడవాళ్లున్నారమ్మా అని. “నేనొక్కదాన్నే బాబూ. నాకు చేతులెక్కువ” అంది. మేం గోడ వెనక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. ఆ సీజన్లో మొదటిసారి ఎవరి చేతులూ మా భుజాల మీద పడలేదు. దాని విలువ ఎంతో, పడ్డవాళ్లకి తెలుస్తుంది.

ఆవిడ పద్ధతిలో ఇంకొకటి ఉంది. కిటికీ పక్కన రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసింది. పని మధ్యలో అప్పుడప్పుడు దాన్ని ఠంగున కొట్టి పిలిచేది. ఒకటో షెడ్డూ అంటే, ఉన్నామండీ అని లోపలినుంచి పలకాలి. తరవాత రెండోది, మూడోది, నాలుగోది. పలక్కపోతే ఆ షెడ్డుకి చిప్ప పంపదు, మళ్లీ పిలిచి పలికేదాకా మిగతా వాటికి పంచుతుంది. మాకు కూలి పెట్టెల లెక్కన. చిప్ప రాకపోతే కూలి లేదు. ఒకరోజు మూడో షెడ్డు వాళ్లందరూ కలిసి మంచినీళ్లకి వెళ్లారు, అదే సమయంలో పిలుపు వచ్చింది. ఆ తరవాత లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆవిడ మళ్లీ పిలవడం ఆలస్యమైంది. ఆ పూట మూడో షెడ్డు ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లింది. రత్నం ఊరుకునే మనిషి కాదు, కిటికీ దగ్గరికి వచ్చి నిలదీసింది.

“మంచినీళ్లు తాగితే కూడా కూలి పోతుందా అమ్మగారూ?”

“పలకని షెడ్డుకి పని పంపితే పెట్టె రాదు. పెట్టె రాకపోతే సేటు ముందు నేనేం చెప్పాలే? లేరనుకున్నాను. లేనోళ్లకి పనెలా ఇస్తాను?”

“ఉన్నాంగా.”

“ఉంటే పలకండి.”

అంతే. సువార్తమ్మగారు ఎవరికీ పక్షపాతం చూపించదు, తిట్టినా తిట్టకపోయినా లెక్క ఒకటే. ఇంటికి నడుస్తూ రత్నం దారంతా ఆవిడని తిడుతూనే ఉంది. ఇకమీదట ఒకళ్లని కాపలా పెట్టయినా పలుకుతాం అంది. నేను అందులో తప్పేం చూడలేదు. సువార్తమ్మగారూ చూడలేదు. ఆవిడకి కావలసింది జవాబు. జవాబు వస్తుందిగా అనుకున్నాం.

కార్బైడు గురించి చెప్పాలి. అది బూడిదరంగు రాయి. నీళ్లు తగిలితే అందులోంచి గాలి లాంటిది లేస్తుంది, ఆ గాలికి పచ్చికాయ రంగు తిరుగుతుంది. దూరం పోయే పెట్టెల్లో చిన్న చిన్న పొట్లాలు కట్టి వేయించేవాడు కామందు. దాని డ్రమ్ము మూడో షెడ్డులో మూల ఉండేది. ఆ వెల్లుల్లి వాసన మా అందరికీ అలవాటే, చీరల్లో ఉండేది, అన్నంలో కూడా ఉన్నట్టుండేది. అది మనిషిని ఏం చేస్తుందో మాకు ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు.

రసాల సీజను మంచి ఊపులో ఉండగా ఒక మధ్యాహ్నం గాలివాన పట్టుకుంది. ముందు దుమ్ము, వెనకే కుండపోత. షెడ్లకి ముందు వైపు గోడ ఉండదు, టార్పాలిన్లే. కాయ తడిస్తే మచ్చ పడుతుందని అన్ని షెడ్లవాళ్లూ వాటిని కిందికి దించి రాళ్లు పెట్టేశారు. బయట ఢిల్లీ లారీలు రెండు ఆగి ఉన్నాయి, రసాలు కావాలన్నారు. సువార్తమ్మగారు పట్టా ముక్క కొట్టింది. వాన హోరులో గొంతు చించుకుని పిలిచింది. ఒకటి పలికింది, రెండు పలికింది. మూడోది కాస్త ఆగి పలికింది. అచ్చమ్మత్త గొంతు. “ఉన్నామండీ.” ఆవిడ ఎర్ర పేలిక వేసి చిప్ప నా చేతికిచ్చింది. నేను నెత్తిన గోనె కప్పుకుని పరిగెత్తి, టార్పాలిన్ కింద సందులోంచి చిప్ప లోపలికి తోసి తిరిగి వచ్చేశాను. లోపలికి చూడలేదు. చూసే పద్ధతి మాకు లేదు, చిప్ప ఇవ్వడమే.

మళ్లీ పిలిచింది, మూడోది మళ్లీ పలికింది. ఇంకోసారి, ఇంకోసారి కూడా. మధ్యలో ఇంకో చిప్ప ఇచ్చి వచ్చాను. కొంతసేపటికి టార్పాలిన్ కింద నుంచి పెట్టెలు బయటికి జరిగాయి, నేనూ ఇంకొకామే మోసుకొచ్చాం. తేలిగ్గా ఉందేంటే అని ఆమె అంది. వానలో పరుగు మీద ఉన్నాం, నేను పట్టించుకోలేదు. కిటికీ దగ్గర ఢిల్లీ సేటు పైపెట్టె మూత ఊడదీసి చెయ్యి పెట్టాడు. గడ్డి తీశాడు. ఇంకా గడ్డి తీశాడు. అడుగుదాకా గడ్డే. చక్కగా పొరలు పొరలుగా పరిచి, అంచులు మడిచి, మూత మీద మేకులు వరసగా కొట్టి ఉన్నాయి. కాయ ఒక్కటి లేదు.

“ఏంటమ్మా ఇది. నాకు ఆవులు లేవు” అన్నాడు సేటు. పక్కన డ్రైవరు పెద్దగా నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది. ఆఫీసు గదిలోంచి కామందు గొడుగు వేసుకుని వచ్చి, ఎవరే ఈ వేళాకోళం చేసింది అని అరవడం మొదలుపెట్టాడు.

సువార్తమ్మగారు నవ్వలేదు. పెట్టెలో చెయ్యి పెట్టి ఆ గడ్డి మడతని తడిమింది. కళ్లజోడు తీసేసింది.  “ఇది అచ్చమ్మ మడత” అంది, ఎవరితోనో కాదు, తనలో తను. “చేతులు పని చేస్తున్నాయి. మనిషి లేదు.” స్టూలు తన్నేసి వానలోకి పరిగెత్తింది. ఆ ఒళ్లుతో అంత వేగంగా పరిగెత్తగలదని ఎవరమూ అనుకోలేదు. నేను వెనకే వెళ్లాను.

టార్పాలిన్ ఎత్తగానే ఆ వాసన మొహం మీద చాచి కొట్టినట్టు తగిలింది. రేకుల సందులోంచి వాననీళ్లు ధారగా డ్రమ్ములో పడుతున్నాయి, డ్రమ్ము బుసబుసమంటోంది. దాని మీద గోనెలు కప్పారు, వాసన ఆగుతుందని కాబోలు. వెనకవైపు ఆడవాళ్లు కాయల మధ్య పడిపోయి ఉన్నారు. కొందరు వాంతులు చేసుకున్నారు. రత్నం బోర్లా పడి ఉంది, జుట్టులో గడ్డి. అచ్చమ్మత్త గుంజకి ఆనుకుని కూర్చుంది, టార్పాలిన్‌కి మూరెడు దూరంలో. ఒళ్లో సుత్తి. కళ్లు తెరిచే ఉన్నాయి. మమ్మల్ని చూడలేదు. ఎక్కడో పట్టా ముక్క గాలికి ఊగి ఠంగుమంది. అచ్చమ్మత్త పెదవులు కదిలాయి. “ఉన్నామండీ” అంది.

 ఊపిరాడక పడిపోతున్న మనిషి, అడిగినవాళ్లకి జవాబు చెప్పింది. మేం బయట ఆ జవాబు విని, ఆహా ఉన్నారు అనుకుని, ఇంకో చిప్ప పంపాం.

అందరం కలిసి వాళ్లని వానలోకి ఈడ్చి పడుకోబెట్టాం. చన్నీళ్లు మొహాన పడుతుంటే ఒక్కొక్కరూ దగ్గుతూ కదిలారు. రత్నం అందరికంటే ఆలస్యంగా కదిలింది, అప్పటిదాకా నేను దాని చెంపలు కొడుతూనే ఉన్నాను, నాకే తెలియకుండా. ట్రాక్టరు ట్రక్కులో నూజివీడు ఆస్పత్రికి తీసుకుపోయాం. అచ్చమ్మత్త తల సువార్తమ్మగారి ఒళ్లో ఉంది. ఊరు రాకముందే పోయింది. సువార్తమ్మగారు ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రి గుమ్మం దాకా ఆ తల అలాగే పట్టుకుని కూర్చుంది.

రత్నం బతికింది. మాట వచ్చాక నన్ను దగ్గరికి రమ్మంది.

“అచ్చమ్మత్త బయటికి పోదాం అందక్కా. టార్పాలిన్ ఎత్తితే కాయ తడుస్తుంది, కామందు తిడతాడని నేనే వద్దన్నాను. తల తిరుగుతోందంటే కాసేపు కళ్లు మూసుకో అన్నాను. మీరు పిలిచినప్పుడు పలకమన్నది కూడా నేనే. మా గొంతులు రావట్లేదు. ఆవిడ టార్పాలిన్ పక్కనే ఉంది, గాలి కాస్త తగులుతోంది. నువ్వే పలుకు అత్తా అన్నాం. పలక్కపోతే చిప్ప రాదుగా.”

 రత్నం దుప్పటి సరిచేసి బయటికి వచ్చాను. ఆ మాట మోయలేక సువార్తమ్మగారికి చెప్పాను. ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది, చీరంతా బురద. విని, చీర మీది బురదని గోటితో గీకింది. “రత్నం అనలేదే ఆ మాట. నేను అనిపించాను” అంది. “ఉంటే పలకండి అన్నాను. లేమని చెప్పుకోవడానికి వాళ్లకి దారేదే? పలికితే పని, పలక్కపోతే పస్తు. ఇంక ఎవరు నిజం చెప్తారు నాకు?”

అచ్చమ్మత్తని మట్టి చేసిన మర్నాడు లారీలు మళ్లీ వచ్చాయి. కాయ ఆగదు కదా. సువార్తమ్మగారు వచ్చి స్టూలు మీద కూర్చుంది, కిటికీ రెక్కలు మాత్రం తియ్యలేదు. బయట హారన్లు మోగుతున్నాయి. కామందు వచ్చాడు. చెడ్డవాడని అనను, ఆయన కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి.

“నీ తప్పేముందమ్మా ఇందులో. నువ్వు పిలిచావు, వాళ్లు పలికారు.”

“అదేనండీ నన్ను తినేస్తోంది.”

“కిటికీ తియ్యి. సరుకు పాడైపోతోంది.”

“తీస్తాను. బాగోలేదని చెప్పిన షెడ్డుకి ఆ పూట కూలి ఆగకూడదు. పలకని షెడ్డుకి కూడా ఆగకూడదు. మిగతా షెడ్లకి ఎంత వస్తే వీళ్లకీ అంత. ఒప్పుకోండి, తీస్తాను.”

“అప్పుడు రోజూ బాగోలేదనే చెప్తారు.”

“చెప్పనివ్వండి. నేను వెళ్లి చూసొస్తాను. నడిచేది నా కాళ్లేగా.”

ఆయన అటూ ఇటూ తిరిగాడు. గోడ అవతల ఎవరో కిటికీ మీద దబదబా బాదుతున్నారు. ఆవిడ చేతులు కట్టుకుని అలాగే కూర్చుంది. చివరికి సరే అన్నాడు. మంచితనంతో అన్నాడో, కాయ కుళ్లుతుందని అన్నాడో నాకు తెలియదు. కార్బైడు మానలేదు, డ్రమ్ము మాత్రం షెడ్ల నుంచి దూరంగా వేరే గదికి మారింది. ఎవరినైనా దేవుణ్ణి చేసి రాయడం నాకు చేతకాదు, జరిగింది ఇంతే.

ఆ తరవాత ఆవిడ పిలిచే తీరు మారింది. పట్టా ముక్క కొట్టి, ఉన్నారా అని అడగడం మానేసింది. “ఒకటో షెడ్డూ, జడ” అనేది. అంటే మూడు గడ్డిపోచలు తీసి జడ అల్లి పంపాలి. నేను వెళ్లి ఆ జడ చిప్పలో వేసుకుని తేవాలి. నోటికి అలవాటైన మాట మనిషి లేకపోయినా వస్తుంది, మూడు పోచలు తడబడకుండా అల్లాలంటే తల నిలబడాలి, కళ్లు కనపడాలి, వేళ్లు మాట వినాలి అనేది. అల్లే మనిషి కూడా ప్రతిసారీ మారాలి. మొదట్లో ఆడవాళ్లకి ఇది వేళాకోళమైంది. ఒకళ్లు పూలజడ అల్లి పంపేవాళ్లు, ఇంకొకళ్లు కావాలని పిచ్చిగా మెలేసి పంపేవాళ్లు. “ఇది జడా, పందికొక్కు తోకా? ఎవరిదే ఈ పని?” అని ఆవిడ తిడుతుంటే నవ్వుకునేవాళ్లు. ఒకరోజు రెండో షెడ్డు నుంచి వదులు జడ వచ్చింది. నేను వేళాకోళమే అనుకున్నాను. ఆవిడ దాన్ని వెలుతురుకి పట్టి చూసి, స్టూలు దిగి వెళ్లింది. అల్లిన పిల్లకి ఒళ్లు కాలిపోతోంది, ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్లని ఇంటికి పంపారు, కూలి ఆగలేదు. ఆ తరవాత ఎవరూ పందికొక్కు తోకలు పంపలేదు.

నేను చదువు మొదలుపెట్టింది కూడా ఆవిడ దగ్గరే, జుట్టు నెరవడం మొదలయ్యాక. అప్పటికి యార్డులో పని తగ్గింది. సాయంత్రం పెట్టె మూతల మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించేది. నా పేరు రాయడం వచ్చిన రోజు గొప్పగా చూపించాను. ఆవిడ చూసింది, అంతే. “వచ్చిందా అని నేను అడగను. అడిగితే వచ్చిందంటావు. నాలుగో షెడ్డుకి ఏం కావాలో నువ్వే ఈ చెక్క మీద రాసి పంపు. వాళ్లు దాన్ని బడికెళ్లే పిల్లల చేత చదివించుకుని, అడిగిన పెట్టె తెస్తే అప్పుడు నీకు వచ్చినట్టు” అంది. నేను చిన్న రసాలు అని రాశాను, ఆవకాయ కాయ వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు మళ్లీ రాశాను. రసాలు వచ్చేదాకా రాశాను. నా చదువుకి పరీక్ష పెట్టిందీ, పాసు చేసిందీ ఆవిడొక్కతే.

యార్డు అమ్ముడుపోయాక ఆవిడ చింతలపూడి వెళ్లిపోయింది. ఆఖరి రోజుల్లో చూడ్డానికి వెళ్లాను. మంచం పక్కన కూర్చుని ఎలా ఉన్నారమ్మా అనబోయి, మింగేశాను. కొంగు అంచున వేలాడుతున్న దారాలు మూడు తీసి ఆవిడ వేళ్లకి అందించాను. చూసి నవ్వింది. అల్లబోయింది. రెండో మెలికకే వేళ్లు ఆగిపోయాయి. “ఏముందే ఇంక అడగడానికి” అంది. నేను వచ్చిన బస్సుకే తిరిగి వెళ్లిపోకుండా, ఆవిడ పోయేదాకా అక్కడే ఉన్నాను.

దివ్యకి ఇదంతా చెప్పలేదు. ఆ పిల్లకి దాని పని దానికుంది. అది వాళ్ల మూడో సర్వరు సంగతి సరిచేసుకుంది, ఇకనుంచి ఉన్నావా అని అడగం అమ్మమ్మా, నిజం పని ఒకటి చేయించి చూస్తాం అంది. మంచిది అన్నాను. 

నాకు మిగిలింది ఇదే. నేను ఎవరినీ బాగున్నావా అని అడగను. అడిగితే బాగున్నాననే అంటారు. మా పక్కింటి కోడలు పొద్దున్నే వాకిట్లో వేసే ముగ్గు చూస్తాను, గీత వంకర పోయిందా అని. కొడుకు ఫోను చేస్తే, ఇవాళ ఏ దారిన ఇంటికొచ్చావురా, దారిలో ఏం చూశావు అని అడుగుతాను. చాదస్తం అంటారు, అననీ. రత్నం ఇప్పుడు విస్సన్నపేటలో ఒక్కతే ఉంటోంది. రోజూ ఫోను చేసి ఏం వండావే అంటాను. పప్పు అంటుంది. ఏం పప్పు, అందులో ఏం వేశావు, పోపులో ఏమేశావు అని ఆరాలు తీస్తాను. విసుక్కుంటూ చెబుతుంది. ఆ విసుగు వినపడితే నాకు హాయి.

మొన్న ఫోను ఎత్తగానే, నేను ఇంకా నోరు తెరవకముందే, “బాగానే ఉన్నానక్కా” అంది.

ఫోను పెట్టేసి చెప్పులు వేసుకున్నాను.